వెనక సీట్లో మచ్చు సంచులు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం 8 గంటల 10 నిమిషాలు. స్కూటర్ మీద ప్రత్తిపాడులో మా ఇంటి నుంచి పర్చూరు వైపు పదకొండు కిలోమీటర్లు వెళ్ళాక, వెనక కూర్చున్న నా భార్య నా చొక్కా పట్టుకుని లాగింది. నోటితో చెప్పలేక లాగిందని, బండి ఆపి వెనక్కి తిరిగాక గాని నాకు తెలియలేదు.

రోడ్డుకు రెండు వైపులా కల్లాలు. కోసిన మిరపకాయలను ఎండబోశారు. ఎంత దూరం చూసినా నేల ఎర్రగానే ఉంది. ఆమె కల్వర్టు గట్టు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి ఊపిరి కోసం ప్రయత్నించింది. పగిలిన పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నని శబ్దం వచ్చింది. అది తొమ్మిది నిమిషాలు సాగింది. గడియారం చూడటం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

మేమిద్దరం ఉపాధ్యాయులం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అదే రోడ్డు మీద, మా బడికి ఆరు కిలోమీటర్ల ముందు, ఆమె ప్రాథమిక పాఠశాల. ఇరవై ఏడేళ్ళుగా ఒకటో తరగతికి అక్షరాలు నేర్పుతోంది. పదవీ విరమణకు ఇంకా దాదాపు ఏడేళ్ళుంది.

ఆ సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు గారు ఆమె చేత ఒక గొట్టంలో మూడుసార్లు ఊదించి, కాగితం చూసి, కళ్ళజోడు తీశారు.

"మేడం, మిరపకాయ గాలి మీకు పడదు. మాస్కు చాలదు. స్కూటర్ మానెయ్యండి. ఇంకోసారి ఇంత గట్టిగా వచ్చిందంటే నేను ఉద్యోగమే మానమంటాను."

"మానడం కుదరదండి. ముప్పై ఒక్క మందున్నారు. ఇప్పుడిప్పుడే గుణింతాల్లోకి వచ్చారు."

"గుణింతాలు వేరేవాళ్ళు చెప్తారమ్మా. మీ ఊపిరి వేరేవాళ్ళు పీల్చరు."

బస్సు కిటికీల అద్దాలు సగం తెరుచుకునే బిగుసుకుపోయి ఉంటాయి. ఊరు మారదామంటే గుంటూరులోనూ ఈ నెలల్లో అదే గాలి. కనుక మిగిలిన దారి ఒక్కటే: అద్దాలు మూసుకుని వెళ్ళగలిగే చిన్న కారు. అది కల్లాల కాలం ముదిరేలోపు రావాలి. అప్పు వద్దని ఆమె తేల్చి చెప్పింది. ఇంటి వాయిదాలే ఇంకా ఉన్నాయి. మా చేతిలో ఉన్నది మూడు లక్షలు. కొత్త కారు ఆ డబ్బుకు రాదు.

నేను డైరీలో నాలుగు గళ్ళు గీశాను: తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, లీటరుకు మైలేజీ, ధర. రానూ పోనూ రోజుకు యాభై రెండు కిలోమీటర్లు. నెలకు ఇరవై నాలుగు పనిదినాలు. లీటరుకు పద్దెనిమిది ఇచ్చే బండికీ ఇరవై రెండు ఇచ్చే బండికీ నెలకు పన్నెండున్నర లీటర్ల తేడా వస్తుంది. మా ఇద్దరి జీతాల్లో మిగిలేదాని మీద అది చిన్న తేడా కాదు.

మొదటి కారు గుంటూరులో చూశాం. మీటరు ముప్పై ఎనిమిది వేలు చూపిస్తోంది. బ్రేకు పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది, అంటే మీటరు వెనక్కి తిప్పారు. నేను వంగి ఆ రబ్బరును వేలితో తడుముతుంటే నా భార్య, మేం వెంట తెచ్చుకున్న మా ఊరి మెకానిక్‌తో అంది: "చూశారా, పెళ్ళిచూపులప్పుడు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదీయన. ఆ ఓపికంతా దీనికోసం దాచిపెట్టారు."

"అప్పుడు మీటరు సున్నా మీదుందిగదమ్మా!" అన్నాడు మెకానిక్. ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది. నేనూ మెకానిక్కూ నేల చూశాం.

మార్చి 9, ఆదివారం. పర్చూరు శివార్లలో ఒక ఇల్లు. ఇంటి పక్క రేకుల షెడ్డులో, పాత దుప్పటి కప్పి, తొమ్మిదేళ్ళ నాటి చిన్న పెట్రోలు కారు. యజమాని పోయి మూడు నెలలైంది. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి తరఫున ఊరూరా తిరిగి మిరపకాయ నాణ్యం చూసే మనిషి. ఆయన భార్య, యాభై ఏళ్ళావిడ, తాళం మా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. సర్వీసు రసీదులన్నీ తేదీల వారీగా ఫైలులో ఉన్నాయి. పెడలు అరుగుదలా మీటరూ సరిపోయాయి. చాలా రోజుల తర్వాత నాలాంటి మనిషి వాడిన వస్తువును చూస్తున్నానని సంతోషించాను.

నా భార్య ముందు ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. నేను బయట నిలబడి మీటరు చదువుతున్నాను. ఆమె దగ్గింది. మూడు చిన్నవి, ఒకటి పొడుగుది.

"వస్తన్నా, వస్తన్నా, నీళ్ళు తెస్తన్నా!" అని ఇంట్లోంచి కేక. ఆవిడ గ్లాసుతో పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను దాటి, బండి చుట్టూ తిరిగి, స్టీరింగు వైపు కిటికీలోంచి గ్లాసు లోపలికి పెట్టింది. ఆ సీటు ఖాళీ. చెయ్యి అలాగే ఉండిపోయింది. గ్లాసులో నీళ్ళు అంచు దాకా వచ్చి ఊగుతున్నాయి.

"అలవాటండీ," అంది. ఆ నీళ్ళు షెడ్డు బయట నేల మీద పారబోసి, వేరే గ్లాసులో నా భార్యకు తెచ్చింది. "గుండె అన్నారండి. ఉన్నట్టుండి పోయాడు."

ఎక్కడ, ఎలా అని నేను అడగలేదు. అడగవలసిన వాటి జాబితా నా జేబులో ఉంది. అందులో అది లేదు. ఆ రోజు నేను రాసుకున్నది ఇంతే: 11 గంటల 40 నిమిషాలు, మీటరు 61,480.

ఆడవాళ్ళిద్దరినీ వరండాలో ఉంచి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మైలేజీ చూడటానికి బయలుదేరాను. ట్యాంకు అంచు దాకా నింపి, నలభై నాలుగు కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ అంచు దాకా నింపితే ఎంత పట్టిందో అదే అసలు లెక్క. మిట్టమధ్యాహ్నం. పత్తి తీసేసిన చేలల్లో కట్టె మాత్రం నల్లగా నిలబడి ఉంది. గాలి లేదు. ఒక కల్లం దగ్గర పదిహేను మంది ఆడవాళ్ళు రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. ముక్కూ నోరూ గుడ్డలతో చుట్టుకుని ఉన్నారు, కళ్ళే కనిపిస్తున్నాయి. కారు దగ్గరికి రాగానే ఆ పదిహేను మందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నేను ఎందుకు బ్రేకు వేశానో చెప్పలేను.

ఒక ముసలామె వచ్చి, వెనక కిటికీ సందులోంచి చిన్న గుడ్డసంచిని సీటు మీదికి జారవిడిచింది. అందులో పావుకిలో కాయలుంటాయి.

"ఏంటమ్మా ఇది?"

"మచ్చు. ఈసారి కాయ రంగొచ్చిందని చెప్పు ఆయనకి."

సరుకు చూసే మనిషి వస్తే నమూనాగా కాసిని కాయలు వెనక సీట్లో వేయడం ఇక్కడి పద్ధతి. మచ్చు అంటే అదే. ఆయన సాయంత్రం వాటిని విరిచి, గింజ చూసి, రంగు చూసి, ధర చెబుతాడు.

"ఆయన లేడమ్మా. పోయి మూడు నెలలైంది."

ఆమె నా ముఖం చూసింది. తర్వాత నా వెనక సీటు వంక చాలాసేపు చూసింది. "బండి వచ్చిందిగా," అని వెనక్కి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు మేము మలుపు తిరిగేదాకా కూర్చోలేదు.

రెండోసారి నింపినప్పుడు సరిగ్గా రెండు లీటర్లు పట్టింది. లీటరుకు ఇరవై రెండు. "లాటరీ కొట్టారు మాస్టారూ!" అన్నాడు మెకానిక్. మచ్చు సంచి పచ్చడికి పనికొస్తుందని తన ఇంటికి పట్టుకెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో నా భార్య ఒక్క మాటే అంది: "ఆవిడ నీళ్ళు నాకోసం తేలేదండీ." తెలుసునన్నాను. పదివేలు తగ్గించి రెండు లక్షల అరవై అయిదు వేలకు బేరం కుదిరింది. తర్వాతి ఆదివారం నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం.

అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పన్నెండున్నరకు ఆమె బడి దగ్గర ఆగి, ఎక్కించుకుని, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని ఇంటికి. మొదటి రెండు రోజులూ ఆమె మహారాణిలా కాళ్ళు చాపుకుని కూర్చుంది. మూడో రోజు దగ్గింది. బయట కల్లాలున్నాయి కదా, ఏ సందులోంచో గాలి వస్తోందనుకున్నాం. తలుపుల రబ్బర్లు మార్పించాను. దగ్గు పెరిగింది. ఇంటికొచ్చి కారు దిగిన పది నిమిషాలకు తగ్గేది. అవన్నీ రాసుకున్నాను. ఎక్కిన ఎన్ని నిమిషాలకు మొదలైంది, దిగిన ఎన్ని నిమిషాలకు ఆగింది, అన్నీ. రాసుకున్నవాటిని చదవలేదు.

"ఏసీలోంచి ఏదైనా ఘాటు వస్తోందేమో చూడవయ్యా," అని మెకానిక్‌ను పిలిపించాను.

అతను గాలి వచ్చే చోట ముక్కు పెట్టాడు. "ఘాటా? నాకేం రావట్లేదే. మీకొస్తందా?"

నేనూ పెట్టి చూశాను. నాకూ రాలేదు.

మార్చి 20, గురువారం. ఆమె బడి దగ్గర వేపచెట్టు కింద పావుగంట కారు ఆపి, ఎండకు లోపల ఉడికిపోతుందని అద్దాలు రెండు వేళ్ళ సందు దించి ఉంచాను. తిరిగి వచ్చేసరికి వెనక సీటు మధ్యలో ఒక మచ్చు సంచి. చుట్టుపక్కల మనిషి లేడు. 22న మరొకటి. 24న అద్దానికి కాగితం అంటించాను: "ఈ కారు యజమాని మారారు. దయచేసి మచ్చు వేయవద్దు." 25న రెండు సంచులున్నాయి. నా కాగితం నాలుగు మడతలు పెట్టి ఒక సంచిలో ఉంది.

ఆ రోజు నుంచి అద్దాలు పూర్తిగా బిగించి, నాలుగు తలుపులూ లాగి చూసి వెళ్ళేవాణ్ణి. మార్చి 28, శుక్రవారం, తాళం నా జేబులోనే ఉంది. వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, ఒక సంచి. గుడ్డ పాతది, ముడి మాత్రం బిగుతుగా ఉంది. ఎన్నాళ్ళుగానో సీటు కింద ఇరుక్కుని ఉన్నది బ్రేకు వేసినప్పుడు ముందుకు జారి ఉండాలి. అదే జరిగి ఉండాలి. నేను అలాగే రాసుకున్నాను.

ఆ రోజు ఇంటికి వస్తూ ఆమె అడిగింది: "ఏవండీ, వెనక ఎవరో కూర్చుని దగ్గుతున్నట్టు మీకు అనిపించడం లేదూ?"

"నీ దగ్గే అద్దాలకు తగిలి తిరిగి వినిపిస్తోంది."

"నాకన్నా ముందే మొదలవుతోందండీ."

లెక్కల మాస్టారుగా దానికి ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో డైరీలో లేదు. తర్వాతి కిలోమీటరంతా ఇద్దరం విన్నాం. ఇంజను చప్పుడు, వెనక ఏదో సన్నగా కదిలిన చప్పుడు. అద్దంలో చూశాను. సీటు ఖాళీ.

ఏప్రిల్ 2, బుధవారం, మధ్యాహ్నం 12 గంటల 50 నిమిషాలు. ఎండ మండిపోతోంది. చల్లదనం చాలక ఏసీ గాలిని మొదటిసారి చివరి అంకె దాకా తిప్పాను. లోపల ఏదో తెగినట్టు చప్పుడై, గాలి ఆమె ముఖం మీదికి ఒక్క ఊపున వచ్చింది. ఆమె దగ్గలేదు. దగ్గడానికి కావలసిన ఊపిరే అందలేదు. పెదవుల రంగు మారడం చూశాను.

ఏసీ ఆపి అద్దాలు దించాను. రెండు వైపులా కల్లాలు. బయటి గాలి వచ్చింది. ఎత్తాను. లోపలి గాలే మిగిలింది. దించాలో ఎత్తాలో నాకు తెలియలేదు. గుంటూరుకు ఇంకా ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఎన్నిసార్లు దించానో, ఎన్నిసార్లు ఎత్తానో లెక్క లేదు. ముప్పై ఏళ్ళలో నేను లెక్కపెట్టకుండా వదిలేసింది అదొక్కటే. ప్రత్తిపాడు దాటాక కల్లాలు తగ్గిన చోట అద్దాలు నాలుగూ దించి వదిలేశాను. నలభై ఒక్క నిమిషాలకు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగాను. ఆమె నా చేతి మణికట్టు పట్టుకుని ఉంది. ఆ పట్టు ఉన్నంతసేపూ ఆమె ఉందని నమ్మాను.

ఆరు రోజులు ఉంచారు. మొదటి రెండు రోజులు ఊపిరి యంత్రం మీద.

మూడో రోజు కారును గుంటూరులోనే ఒక షెడ్డుకు తోలుకెళ్ళాను. అక్కడ పనిచేసే మనిషి శ్రీకాకుళం నుంచి వచ్చి వారమైంది. తలుపు తెరిచి తల లోపల పెట్టాడో లేదో వరసగా ఏడు తుమ్ములు తుమ్మి బయటికి ఉరికాడు.

"ఏటండి బాబూ ఇది? కారా, కారం మిల్లా?"

"నీకు ఘాటు వస్తోందా?"

"మీకు రావట్లేదేటి! మీ ఊరోళ్ళకి ముక్కులున్నాయా, అలంకారానికెట్టుకున్నారా?"

ముఖానికి తడిగుడ్డ కట్టుకుని అన్నీ విప్పాడు. ఏసీ గాలి గొట్టాల్లో, సీట్ల కుట్లలో, నేల మీది కార్పెట్ కింద పొరలు పొరలుగా ఎర్రటి పొడి. తొమ్మిదేళ్ళ మచ్చు కాయలు విరిగి, నలిగి, ఎండి, మెత్తగా దిగినది. గింజలతో కలిపి తూయించాను. కిలో నూట నలభై గ్రాములు.

డిసెంబరు నుంచి మే దాకా ఈ నేల మీద ఎవరికీ మిరపకాయ వాసన తెలియదు. పుట్టినప్పటి నుంచి పీల్చేది అదే. అమ్మినావిడకు తెలియలేదు. మెకానిక్‌కు తెలియలేదు. పెడలు రబ్బరు దాకా పరీక్షించిన నాకు తెలియలేదు. ఆ బండిలో కూర్చున్న క్షణంలో దాన్ని కనిపెట్టినది నా భార్య ఊపిరి ఒక్కటే. ఆ దగ్గును నేను మీటరు చదువుతూ విన్నాను.

మే 4, ఆదివారం, ఒక్కణ్ణే పర్చూరు వెళ్ళాను. డబ్బు అడగడానికి కాదు. ఆవిడ కూడా ఆ బండిలో తిరిగిందేమో, చెప్పాలి కదా అని. అంతా విని ఆవిడ కాసేపు కొంగు చివర మెలితిప్పింది.

"ఆయనా అంతేనండి. మూడు చిన్నయ్యి, ఒకటి పెద్దది. ఆ దగ్గు వినబడితే నీళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. పొగ తాగడు, ఏం తాగడు. ఎందుకొస్తందో తెలీలా." ఆగి, మళ్ళీ అంది. "ఆఖర్న ఒక మాటనేవాడు. వెనక సీట్లో ఎవరో కూచుని నాకంటే ముందే దగ్గుతున్నారే అని. నేను తిట్టేదాన్ని, ఒంటరిగా తిరిగి తిరిగి మతి పోతందని."

నా భార్య ఆ మాట అన్నదని నేను ఆవిడకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఎక్కడ పోయారండీ?" అని అప్పుడు అడిగాను.

"కల్లంలోనేనండి, ఆ బండిలోనే. మధ్యాహ్నం అద్దాలెత్తుకుని ఏసీ ఏసుకుని పడుకున్నాడనుకున్నారు. పనోళ్ళు పాపం, నిద్రలేపడమెందుకని ఎనక తలుపు కొంచెం తీసి మచ్చు ఏసి ఎళ్ళిపోయేవాళ్ళంట. పొద్దుగూకేదాకా. నేనెళ్ళేసరికి ఎనక సీట్లో పద్నాలుగు సంచులున్నయ్యి."

మళ్ళీ ఎవరూ నడపకూడదని కారును విప్పించి అమ్మాను. ఇంజనూ గేరుబాక్సూ షెడ్డువాడు తీసుకున్నాడు, మిగిలినది తుక్కుకు వెళ్ళింది. మొత్తం తొంభై రెండు వేలు వచ్చాయి. జూన్‌లో బడులు తెరవడానికి ముందు, డాక్టరు గారి కాగితం జతచేసి, నా భార్య స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు మీద సంతకం పెట్టింది. అక్షరాలు నేర్పే చేతివ్రాత కనుక సంతకం కూడా గుండ్రంగా, విడివిడిగా ఉంది. "తేదీ మీరు వేయండి," అని కలం నాకిచ్చింది. వేశాను.

పోయినవి: ఆమెకు ఇంకా ఉన్న సర్వీసు, ఆరేళ్ళ పది నెలలు. గుణింతాల మధ్యలో ఉన్న ముప్పై ఒక్క మంది పిల్లలు. గొట్టంలో ఊది కొలిచే లెక్క ప్రకారం ఆమె ఊపిరిలో నాలుగో వంతు. కారు మీద లక్షా డెబ్బై మూడు వేల రూపాయలు.

మిగిలినవి: నా భార్య. ఆమె ఊపిరిలో మూడు వంతులు. నా ఉద్యోగం, అయిదేళ్ళ రెండు నెలలు. స్కూటర్.